పాత విండోస్‌కు తిరిగి వెళ్ళాలా? నిర్ణయానికి ముందు తెలుసుకోవలసినవి

కంప్యూటరులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ చేరిన కొద్ది రోజులకే చాలామంది నోట వినిపించే మాట ‘పాతదే బాగుండేది’ అన్నది. తెర రూపు మారుతుంది. అలవాటైన బటన్లు చోటు తప్పుతాయి. నిన్నటిదాకా పనిచేసిన ప్రింటరు మొరాయిస్తుంది. కంప్యూటరును సర్వీసు సెంటరుకు తీసుకువెళ్తే, పాత విండోస్ వేసి సాయంత్రానికి తిరిగి ఇస్తామంటారు. పని ఒక పూటలో పూర్తవుతుంది. దాని పర్యవసానాలు మాత్రం ఆ కంప్యూటరును వాడినంతకాలం ఉంటాయి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ పరిణామంతో పాత ప్రశ్న స్వరూపమే మారిపోయింది. అంతకు ముందు విండోస్ 11 నచ్చనివారు 10కి మళ్ళడం అభిరుచికి సంబంధించిన విషయంగా ఉండేది. ఇప్పుడది భద్రతకు సంబంధించిన నిర్ణయం.

సంక్షిప్తంగా చెప్పాలంటే, వెళ్ళదలచిన పాత వ్యవస్థకు భద్రతా అప్‌డేట్లు ఇంకా అందుతున్నట్లయితే వెనుకకు మళ్ళడం ఆలోచించదగినదే. అందకపోతే కంప్యూటరు మొత్తాన్ని వెనుకకు తీసుకుపోవడం కంటే, పాత వ్యవస్థ అవసరమైన ఆ ఒక్క పనిని మాత్రమే వేరుచేసి నడుపుకోవడం శ్రేయస్కరం. ఈ నిర్ణయం ఎలా తీసుకోవాలో, తీసుకున్న తరువాత ఎలా అమలు చేయాలో పరిశీలిద్దాం.

ఈ ప్రశ్న కొత్తది కాదు

2007 జనవరి 30న విండోస్ విస్టా మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇదే పరిస్థితి తలెత్తింది. అప్పటి కంప్యూటర్ల మెమరీకి విస్టా భారమైంది. అనేక ప్రింటర్లకు, స్కానర్లకు తగిన డ్రైవర్లు అందుబాటులో లేవు. వినియోగదారుల కోరిక మేరకు డెల్ సంస్థ కొన్ని మోడళ్ళలో విండోస్ ఎక్స్‌పీని తిరిగి అందించవలసి వచ్చింది. కొత్త కంప్యూటరు కొని దానిలో పాత విండోస్ వేయించుకోవడం ఆ రోజుల్లో సర్వసాధారణమైంది.

అలా ఎక్స్‌పీకి మళ్ళినవారు నష్టపోలేదు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8 వరకు కొనసాగింది. ఈలోగా 2009 అక్టోబరు 22న విండోస్ 7 విడుదలై విస్టా లోపాలను చాలావరకు సరిదిద్దింది. అంటే వెనుకకు వెళ్ళినవారికి అక్కడ ఏళ్ళ తరబడి రక్షణతో ఉండే వీలూ, ఆ తరువాత వెళ్ళడానికి మెరుగైన మజిలీ ఉండినవి.

2012 అక్టోబరులో స్టార్ట్ బటన్ లేకుండా వచ్చిన విండోస్ 8 విషయంలోనూ అంతే. అది నచ్చక విండోస్ 7కు మళ్ళినవారికి 2020 జనవరి 14 వరకు భద్రతా అప్‌డేట్లు అందాయి. విండోస్ 10కు మళ్ళదలచినవారికి అంతటి వ్యవధి లేదు. నాటి అనుభవాన్ని నేటి నిర్ణయానికి ఆధారంగా తీసుకునేవారు గమనించవలసిన తేడా ఇదే.

వెనుకకు మళ్ళడంలో మూడు రకాలు

వ్యవహారంలో అన్నింటినీ ‘డౌన్‌గ్రేడ్’ అనే అంటున్నప్పటికీ, వీటిలో మూడు వేర్వేరు పనులున్నాయి.

మొదటిది, ఇటీవల వచ్చిన ఒక్క అప్‌డేటును తొలగించడం. మొన్నటిదాకా సవ్యంగా ఉన్న కంప్యూటరు ఒక అప్‌డేటు తరువాత చెడితే, విండోస్ అప్‌డేట్ చరిత్రలోకి వెళ్ళి ఆ ఒక్కదాన్ని తీసివేయవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ మారదు. డేటాకు ముప్పు ఉండదు. సరిదిద్దిన అప్‌డేటు వెలువడినప్పుడు తిరిగి వేసుకోవచ్చు. పాత విండోస్ కావాలని అనుకునేవారిలో కొందరికి నిజానికి కావలసినది ఇంతే.

రెండవది, విండోస్ 10 నుంచి 11కు మారిన తరువాత సెట్టింగ్స్‌లోని రికవరీ విభాగంలో ఉండే ‘గో బ్యాక్’ సదుపాయంతో తిరిగి వెళ్ళడం. మారిన నాటి నుంచి 10 రోజుల వరకు మాత్రమే ఈ అవకాశం ఉంటుంది. పాత వ్యవస్థ అంతా ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డరులో భద్రమై ఉండడం వల్లనే ఇది సాధ్యమవుతుంది. గడువు తీరాక ఆ ఫోల్డరు దానంతటదే తొలగిపోతుంది. ఖాళీ స్థలం కోసం డిస్క్ క్లీనప్ చేసి దానిని ముందే తొలగించినవారికి గడువులోపలే ఈ దారి మూసుకుపోతుంది. ఈ పద్ధతిలో సొంత ఫైళ్ళు నిలిచి ఉంటాయి. కొత్త వ్యవస్థలోకి వచ్చిన తరువాత వేసుకున్న ప్రోగ్రాములు, మార్చుకున్న సెట్టింగులు మాత్రం పోతాయి.

మూడవది, డిస్కును తుడిచి పాత వ్యవస్థను మొదటి నుంచి వేయడం. విండోస్ 11తోనే కొన్న కంప్యూటరుకు, పది రోజుల గడువు దాటినవారికి మిగిలేది ఇదొక్కటే. ఇందులో ప్రోగ్రాములన్నీ మళ్ళీ వేసుకోవాలి. ముందుగా బయట భద్రపరచుకోని ఫైళ్ళు తిరిగి రావు.

కారణమేమిటో ముందు తేల్చుకోవాలి

పాత వ్యవస్థకు మళ్ళదలచడానికి చెప్పే కారణాలన్నీ ఒకే బరువు గలవి కావు. కొన్నింటికి ఉన్నచోటనే పరిష్కారం దొరుకుతుంది.

రూపురేఖలు నచ్చకపోవడం: విండోస్ 11లో స్టార్ట్ బటన్ తెర మధ్యకు చేరింది. టాస్క్‌బార్ సెట్టింగులలో దానిని తిరిగి ఎడమవైపుకు మార్చుకోవచ్చు. మౌసు కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలో పాత ఎంపికలు కనిపించకపోతే, అడుగున ఉన్న ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కితే అవన్నీ వస్తాయి. ఈ అసౌకర్యం కొద్ది వారాల వాడకంతో తగ్గిపోయేదే. దీనికోసం డిస్కు తుడవనవసరం లేదు.

మందగించడం: విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ నిర్దేశించిన కనీస మెమరీ 4 జీబీ. అయితే ఆ కనీస స్థాయిలో బ్రౌజరు, ఆఫీస్ ప్రోగ్రాములు ఏకకాలంలో నడిపితే వేగం ఆశించలేము. తిరిగే పళ్ళెం ఉండే పాతరకం హార్డ్ డిస్కు ఉంటే ఇబ్బంది రెట్టింపవుతుంది. అటువంటి కంప్యూటరుకు విండోస్ 10 వేసినా తేడా కొద్దిపాటిదే. హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చి, వీలుంటే మెమరీ పెంచుకోవడం వల్ల కలిగే ప్రయోజనం వ్యవస్థ మార్పిడి వల్ల కలిగేదానికంటే చాలా ఎక్కువ.

ప్రింటరు, స్కానరు పనిచేయకపోవడం: ముందుగా ఆ పరికరం తయారీదారు వెబ్‌సైటులో కొత్త డ్రైవరు ఉందేమో చూడాలి. విండోస్ 10 డ్రైవర్లలో అధికభాగం 11లోనూ పనిచేస్తాయి. ఇబ్బంది ఎక్కువగా 32 బిట్ డ్రైవర్లు మాత్రమే ఉన్న పాత పరికరాలతో వస్తుంది. అవి 64 బిట్ విండోస్‌లో పనిచేయవు. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు.

పాత ప్రోగ్రాములు నడవకపోవడం: వీటన్నింటిలో బలమైన కారణం ఇదే. డాస్ కాలంలో, విండోస్ తొలినాళ్ళలో రాసిన 16 బిట్ ప్రోగ్రాములు ఏ 64 బిట్ విండోస్‌లోనూ నేరుగా నడవవు. వాటికి చోటిచ్చిన చివరిది విండోస్ 10లోని 32 బిట్ రూపం. ఇరవై ముప్ఫై ఏళ్ళ క్రితం ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాములను నేటికీ వాడుతున్న చిన్న వ్యాపారులకు ఇది నిజమైన సమస్య.

అర్హత లేని కంప్యూటరులో విండోస్ 11 వేయడం: ఈ వర్గంవారి సంగతి వేరు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సదుపాయం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. ఇంటెల్‌లో స్థూలంగా ఎనిమిదవ తరం నుంచి ఈ జాబితాలో ఉన్నాయి. ఈ నిబంధనలను తప్పించే ఉపాయాలతో పాత కంప్యూటర్లలో విండోస్ 11 వేస్తున్నవారున్నారు. అటువంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ ఏదీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది. సమస్యలు ఎదురైతే విండోస్ 10కు తిరిగి వెళ్ళవలసిందిగా ఆ సంస్థే సూచిస్తోంది. వెనుకకు మళ్ళడమే సరైన మార్గమయ్యే సందర్భాలలో ఇదొకటి.

తెలుగు డీటీపీ కేంద్రాల సమస్య

పాత విండోస్‌ను వదలలేని స్థితి తెలుగు ముద్రణారంగానికి బాగా పరిచితం. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, చిన్న పత్రికలు, పుస్తకాలు కూర్చే డీటీపీ కేంద్రాలు దశాబ్దాల తరబడి అను ఫాంట్లపైనా, పేజ్‌మేకర్‌పైనా ఆధారపడ్డాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపమైన 7.0ను అడోబీ సంస్థ 2001లో విడుదల చేసింది. దానిని కొనసాగించకుండా ఇన్‌డిజైన్‌ను ముందుకు తెచ్చింది. ఇప్పటి ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్ళను నేరుగా తెరవదు.

అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో ఉండవు. వాటిలో కూర్చిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. పాత పుస్తకాన్ని పునర్ముద్రించాలన్నా, నిరుటి శుభలేఖలో తేదీ మార్చాలన్నా ఆ పాత అమరిక అంతా ఉండవలసిందే. ఈ కారణంగానే ఒక్కో కేంద్రంలో ఎక్స్‌పీ లేదా విండోస్ 7 నడిచే కంప్యూటరు ఒకటి మిగిలి ఉంటుంది.

ఇక్కడ అవసరం వాస్తవమైనదే. అయితే అవసరం ఆ ప్రోగ్రాముకే గాని, ఇంటర్నెట్టుకూ ఈమెయిలుకూ బ్యాంకు లావాదేవీలకూ కాదు. కొత్త కంప్యూటరును మొత్తంగా విండోస్ 7కు మార్చడానికి బదులు, పాత కంప్యూటరును ఇంటర్నెట్టుకు దూరంగా ఉంచి కూర్పు పనికే వాడుకోవచ్చు. లేదా కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషీన్ ఏర్పాటు చేసుకుని, దానిలో పాత వ్యవస్థను నడుపుకోవచ్చు. కొత్త పనులను యూనికోడ్‌లో చేపట్టి, పాత ఫైళ్ళను అవసరమైనప్పుడల్లా మార్చుకుంటూ పోవడం దీర్ఘకాలంలో మేలు చేస్తుంది.

తెలుగు పాఠకులకు ఉపకరించే చిన్న విషయం మరొకటి. ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌లో ఉన్న గౌతమి ఫాంటు విండోస్ 10, 11లలో మొదట కనిపించకపోవచ్చు. దాని స్థానంలో నిర్మల యూఐ ఉంటుంది. అందువల్ల పాత పత్రాల రూపం మారినట్లు అనిపిస్తుంది. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు అదనపు ఫాంట్లను చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి. దీనికోసం పాత విండోస్‌కు మళ్ళవలసిన పని లేదు.

ఏ వ్యవస్థకు ఎంతవరకు గడువు?

నిర్ణయంలో అన్నింటికంటే ముఖ్యమైన అంశం ఇది.

విండోస్ ఎక్స్‌పీ: మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది.

విండోస్ విస్టా: 2017 ఏప్రిల్ 11న ముగిసింది.

విండోస్ 7: సాధారణ మద్దతు 2020 జనవరి 14న, సంస్థలు రుసుము చెల్లించి పొందిన అదనపు మద్దతు 2023 జనవరి 10న ముగిశాయి.

విండోస్ 8.1: 2023 జనవరి 10న ముగిసింది.

విండోస్ 10: సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. గృహ వినియోగదారులకు పొడిగింపు పథకం గడువును 2026 అక్టోబరు 13గా ప్రకటించారు.

ఈ పొడిగింపు అందరికీ దానంతటదే వర్తించదు. కంప్యూటరులో విండోస్ 10 చివరి రూపమైన 22హెచ్2 ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకోవాలి. కంప్యూటరు సెట్టింగులను ఆ ఖాతాలో భద్రపరచుకునేందుకు అంగీకరిస్తే రుసుము లేదు. లేదంటే 1,000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు వాడుకోవచ్చు, లేదా 30 డాలర్లు చెల్లించవచ్చు. అందేవి భద్రతా అప్‌డేట్లు మాత్రమే. కొత్త సదుపాయాలు ఉండవు. సంస్థలకు మూడేళ్ళ వరకు పొడిగింపు ఉంది. మొదటి ఏడాది ఒక్కో కంప్యూటరుకు 61 డాలర్లు, ఆపై ఏటేటా రెట్టింపు చొప్పున చెల్లించాలి.

ఆఫీస్ ప్రోగ్రాములతో కూడిన మైక్రోసాఫ్ట్ 365కు విండోస్ 10లో 2028 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని ఆ సంస్థ ప్రకటించింది. డిఫెండర్ యాంటీవైరస్‌కు కొత్త వైరస్‌ల సమాచారం కూడా అప్పటివరకు అందుతుంది. వీటిని చూసి విండోస్ 10కు 2028 వరకు మద్దతు ఉన్నదని పొరబడరాదు. ఇంటి తలుపులకు కొత్త తాళాలు వేసినంత మాత్రాన గోడలోని పగులు పూడదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే బయటపడే లోపాలను యాంటీవైరస్ సరిచేయలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు పోయాక ఇతర ప్రోగ్రాములు కూడా ఒక్కొక్కటిగా దానిని వదిలివేస్తాయి. విండోస్ 7, 8.1లపై నడిచే గూగుల్ క్రోమ్ రూపాలలో చివరిది 2023 జనవరిలో వచ్చిన 109. ఆ తరువాతి రూపాలకు కనీసం విండోస్ 10 కావాలి. బ్రౌజరు పాతబడే కొద్దీ వెబ్‌సైట్లు సరిగా తెరుచుకోవు. దానిలోని భద్రతా లోపాలు కూడా అలాగే మిగిలిపోతాయి.

అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుంది?

మద్దతు ముగిసిన మరునాడు కంప్యూటరు ఆగిపోదు. ఎప్పటిలాగే పనిచేస్తుంది. ప్రమాదం బయటికి కనిపించదు. కొత్త వ్యవస్థలో ఒక లోపాన్ని సరిదిద్దుతూ అప్‌డేటు విడుదలైనప్పుడు, ఆ లోపం ఎక్కడున్నదో దాడి చేసేవారికి కూడా తెలిసిపోతుంది. అదే లోపం పాత వ్యవస్థలోనూ ఉంటే, అక్కడ దానిని పూడ్చేవారుండరు.

2017 మే 12న మొదలైన వాన్నాక్రై దాడి ఇందుకు నిదర్శనం. కంప్యూటర్లలోని ఫైళ్ళను బందీ చేసి డబ్బు కోరిన ఈ ప్రోగ్రాము సుమారు 150 దేశాలకు పాకింది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవల ఆసుపత్రులు వేలాది అపాయింట్‌మెంట్లను రద్దుచేయవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఈ దాడికి దారితీసిన లోపాన్ని సరిచేసే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. దాడి తీవ్రత దృష్ట్యా, మూడేళ్ళ క్రితమే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి సైతం అసాధారణంగా అప్‌డేటు ఇచ్చింది.

ఈ ఉదంతంలో గమనించదగిన అంశం మరొకటి ఉంది. బాధిత కంప్యూటర్లలో అత్యధికం ఎక్స్‌పీవి కావు, అప్పటికింకా మద్దతు ఉన్న విండోస్ 7వి. అప్‌డేటు వచ్చినా వేసుకోకపోవడమే వాటి చేటుకు కారణం. కాబట్టి మద్దతున్న వ్యవస్థను ఎంచుకుంటే సరిపోదు, వచ్చే అప్‌డేట్లను వేసుకోవాలి కూడా.

మన దేశంలో బ్యాంకుల ఏటీఎంలు చాలాకాలం ఎక్స్‌పీపైనే నడిచాయి. మద్దతు ముగిసి నాలుగేళ్ళు దాటినా మార్పు మందకొడిగా సాగడంతో రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో గడువులు విధించింది. 2018 సెప్టెంబరు నాటికి నాలుగోవంతు ఏటీఎంలను, 2019 జూన్ నాటికి అన్నింటినీ మద్దతున్న వ్యవస్థలకు మార్చాలని ఆదేశించింది. ఇంటి కంప్యూటరుకు అటువంటి నియంత్రణ సంస్థ ఉండదు. ఆ గడువును వినియోగదారుడే నిర్ణయించుకోవాలి.

కంప్యూటరు అంగీకరిస్తుందా?

పాత వ్యవస్థకు మళ్ళాలనుకున్నా కొత్త యంత్రం అందుకు సహకరించకపోవచ్చు. విండోస్ 7 తయారైన కాలంలో యూఎస్‌బీ 3.0, ఎన్‌వీఎంఈ డిస్కులు వాడుకలోకి రాలేదు. దాని ఇన్‌స్టాలేషన్ డిస్కులో వాటి డ్రైవర్లు ఉండవు. కొత్త లాప్‌టాపులో దానిని వేయబోతే మధ్యలోనే మౌసు, కీబోర్డు పనిచేయకపోవడం, డిస్కు కనిపించకపోవడం జరుగుతుంది. ఇంటెల్ ఏడవ తరం, ఏఎండీ రైజెన్ మొదలుకొని వచ్చిన ప్రాసెసర్లకు విండోస్ 10, ఆపై వ్యవస్థలలో మాత్రమే మైక్రోసాఫ్ట్ మద్దతు ఉంది.

విండోస్ 10 విషయంలో ఇంత కష్టం లేదు. అయినప్పటికీ ఇటీవలి లాప్‌టాపులకు వైఫై, టచ్‌ప్యాడ్, వేలిముద్ర, ధ్వని పరికరాల డ్రైవర్లను తయారీదారులు విండోస్ 11కు మాత్రమే ఇస్తుండవచ్చు. లాప్‌టాపు మోడల్ సంఖ్యతో తయారీదారు వెబ్‌సైటులో వెతికి, విండోస్ 10 డ్రైవర్ల జాబితా ఉందో లేదో ముందుగానే చూసుకోవాలి. ఆ జాబితా ఖాళీగా ఉంటే ఆలోచన విరమించుకోవడమే మంచిది.

లైసెన్సు మాటేమిటి?

కంప్యూటరుతోపాటు వచ్చే విండోస్ 11 ప్రో లైసెన్సులో విండోస్ 10 ప్రోకు మళ్ళే హక్కు ఉంటుంది. హోమ్ లైసెన్సులో అటువంటి హక్కు లేదు. విండోస్ 10 నుంచి ఉచితంగా 11కు మారినవారి కంప్యూటరుకు మునుపటి విండోస్ 10 లైసెన్సు ఉన్నందున, తిరిగి వేసుకున్నప్పుడు సాధారణంగా అది దానంతటదే గుర్తింపు పొందుతుంది.

లైసెన్సు లేని విండోస్‌ను వేసి, యాక్టివేటర్ అనే అక్రమ ప్రోగ్రాముతో దానిని అసలైనదిగా చూపే అలవాటు మనచోట కొన్ని దుకాణాలలో ఉంది. ఇది చట్టవిరుద్ధం. పైగా ఈ యాక్టివేటర్లను నడపడానికి ముందు యాంటీవైరస్‌ను ఆపివేస్తారు. వాటితోపాటు ఇంకేమి చొరబడినదో తెలుసుకునే మార్గం ఉండదు. ఆ కంప్యూటరులో బ్యాంకు పాస్‌వర్డు టైపు చేయడం చేజేతులా ఆపద కొనితెచ్చుకోవడమే. పాత విండోస్ వేయించుకునేటప్పుడు దానిని ఎక్కడినుంచి తెచ్చారని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది.

మళ్ళాలని నిర్ణయించుకుంటే

అన్నీ పరిశీలించి వెనుకకు వెళ్ళాలనే నిశ్చయానికి వస్తే ఈ క్రమం పాటించడం మంచిది.

1. ముఖ్యమైన ఫైళ్ళను కంప్యూటరుకు వెలుపల కనీసం ఒకచోట భద్రపరచాలి. అదే డిస్కులోని మరో డ్రైవులో ఉంచితే సరిపోదు. భద్రపరచిన ఫైళ్ళలో కొన్నింటిని మరో కంప్యూటరులో తెరిచి చూడాలి.

2. డిస్కు ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూడాలి. కొత్త లాప్‌టాపులలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు ఇది వినియోగదారుడికి తెలియకుండానే అమలులోకి రావచ్చు. బిట్‌లాకర్ రికవరీ కీ అనే 48 అంకెల సంఖ్య ఆ ఖాతాలో ఉంటుంది. దానిని కాగితంపై రాసిపెట్టుకోవాలి. అది లేకుండా డిస్కు తాళం పడితే డేటా తిరిగి దక్కదు.

3. డబ్బు చెల్లించి కొన్న ప్రోగ్రాముల లైసెన్సు కీలను, డిజిటల్ సంతకపు టోకెన్లకు అవసరమైన డ్రైవర్లను సమకూర్చుకోవాలి. పన్ను రిటర్నులు సమర్పించే గడువు దగ్గరపడిన రోజుల్లో ఈ పనికి పూనుకోరాదు.

4. వైఫై లేదా నెట్‌వర్క్ డ్రైవరును ముందుగానే పెన్ డ్రైవులో ఉంచుకోవాలి. అది లేకపోతే కొత్తగా వేసిన వ్యవస్థలో ఇంటర్నెట్టు రాదు. ఇంటర్నెట్టు లేనిదే మిగతా డ్రైవర్లు దొరకవు.

5. పది రోజుల గడువులో ఉన్నవారు ‘గో బ్యాక్’ వాడుకోవాలి. ఇతరులు మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటు నుంచే మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని, కనీసం 8 జీబీ పెన్ డ్రైవుతో ఇన్‌స్టాలేషన్ సిద్ధం చేసుకోవాలి.

6. పని పూర్తయిన వెంటనే అందుబాటులో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, విండోస్ 10 అయితే పొడిగింపు పథకంలో నమోదు చేసుకోవాలి. నమోదు చేసుకోని విండోస్ 10కు 2025 అక్టోబరు తరువాతి భద్రతా అప్‌డేట్లు అందవు.

మద్దతు లేని వ్యవస్థను ఉంచుకోక తప్పకపోతే

ప్రయోగశాల పరికరానికో, పాత యంత్రానికో అనుసంధానమై ఉన్న కంప్యూటరును మార్చడం కొన్నిచోట్ల అసాధ్యం. అటువంటిచోట దానిని ఇంటర్నెట్టు నుంచి, వీలైతే ఇతర కంప్యూటర్ల నెట్‌వర్కు నుంచి కూడా విడదీయాలి. ఈమెయిలు, బ్రౌజింగ్, చెల్లింపులకు దానిని వాడరాదు. ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే పెన్ డ్రైవును ప్రతిసారీ మద్దతున్న కంప్యూటరులో తనిఖీ చేయాలి. ఆ కంప్యూటరులోని డిస్కుకు పూర్తి నకలు తీసి దాచుకోవాలి. పాత డిస్కులు చెప్పిరావు, అవి చెడితే అదే రకం తిరిగి దొరకడం కష్టం.

మరో దారి

విండోస్ 11కు అర్హత లేని పాత కంప్యూటరు ఉన్నవారు లినక్స్‌ను కూడా పరిశీలించవచ్చు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితం, వాటికి భద్రతా అప్‌డేట్లు క్రమం తప్పకుండా వస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ భారతీయ భాషల కోసం బాస్ లినక్స్‌ను రూపొందించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై పాఠాలు నడుపుతున్నాయి. బ్రౌజింగ్, ఉత్తరాలు, పిల్లల చదువు, తెలుగు టైపింగ్ వంటి పనులకు ఇది చాలు. విండోస్ ప్రోగ్రాములపై ఆధారపడిన అకౌంటింగ్, డీటీపీ పనులకు మాత్రం సరిపడకపోవచ్చు. డిస్కును మార్చకుండానే పెన్ డ్రైవు నుంచి నడిపి చూసే వీలున్నందున, ముందు పరీక్షించి ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.

నిర్ణయానికి నాలుగు ప్రశ్నలు

చివరగా, పాత వ్యవస్థకు మళ్ళాలనే ఆలోచన ఉన్నవారు నాలుగు ప్రశ్నలకు సమాధానాలు రాసుకోవడం మంచిది. ఇబ్బంది ఆపరేటింగ్ సిస్టమ్‌దా, లేక ఒక అప్‌డేటుదో పరికరానిదో అలవాటుదో? వెళ్ళదలచిన వ్యవస్థకు భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు అందుతాయి? దానికి డ్రైవర్లు, లైసెన్సు ఉన్నాయా? ఆ తేదీ వచ్చాక ఏం చేయాలో ఇప్పుడే అనుకున్నారా?

మొదటి ప్రశ్నకే చాలామంది సమస్య తీరిపోతుంది. అక్కడ తీరనివారికి రెండవ ప్రశ్నలోని తేదీ నిర్ణాయకం. ఒక ముఖ్యమైన ప్రోగ్రాము కోసం కొన్ని నెలలు విండోస్ 10లో ఉండి, ఆ వ్యవధిలో ప్రత్యామ్నాయం చూసుకోదలచినవారి నిర్ణయం సహేతుకమైనదే. ఏ గడువూ పెట్టుకోకుండా, మద్దతు ఎన్నడో ముగిసిన విండోస్ 7కు మళ్ళి అదే కంప్యూటరులో బ్యాంకు ఖాతా తెరవడం మాత్రం ఏ లెక్కన చూసినా తగదు. ఆన్‌లైన్ మోసానికి గురైనట్లు గుర్తిస్తే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే డబ్బు నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.